థ్రెల్‌విక్‌లూ బండమీదివాళ్లూ

రియాద్,
14 నవంబరు 2025, శుక్రవారం.

అక్క సునీతకు,

తమ్ముడు ఉదయకిరణ్ నమస్కారాలు. ఇక్కడ నేను తిండికీ ఒంటికీ లోటు లేకుండా ఉన్నాను. బాపు మోకాలు ఎట్లా ఉంది, ఆపరేషన్ తర్వాత అవ్వ కంటికి మసక తగ్గిందా, నువ్వు బడిలో పాఠాలు చెప్పడానికి పోతున్నావా, మానుకున్నావా, అన్నీ తెలియజేయి. చివరిదాని గురించి మాత్రం నన్ను సంతోషపెట్టడానికని రాయకు.

ఫోన్ ఉండగా ఈ కాగితాలు ఎందుకని అనుకుంటావేమో. మన ఇంట్లో నీ ఫోన్ మోగితే ఎన్ని చెవులు దాని చుట్టూ చేరుతాయో నాకు తెలుసు. ఖాదర్ మొహిద్దీన్ భాయ్ రేపు సెలవు మీద మెట్‌పల్లి వస్తున్నాడు. నీ బడి గేటు దగ్గర నీ చేతికే ఇస్తానని మాట ఇచ్చాడు. చివరిదాకా చదువు. మధ్యలో ఆపి సంతోషపడకు.

నువ్వు వాయిస్ మెసేజ్ పెట్టి నెల దాటింది. చేసుకుంటే రామునే చేసుకుంటాను, లేకపోతే ఇట్లాగే ఉండిపోతాను, బాపుకు నువ్వన్నా ఒక్కమాట చెప్పురా అన్నావు. బాపు కాదన్న కారణం ఒక్కటే. మనం బండమీదివాళ్లం, రాముది కూడా అదే ఇంటిపేరు. కాబట్టి మీరిద్దరూ అన్నాచెల్లెళ్లు. మనలో గోత్రం అడిగేవాడు లేడు. ఇంటిపేరే గోత్రం, ఇంటిపేరే రక్తం, ఇంటిపేరే పోలీసు.

దీని మొదలు తలచుకుంటేనే నాకు రోత పుడుతుంది. రెండేళ్ల కింద నేను ఈ క్యాంపులో దిగితే నా పక్క మంచం రాముది. ఏసీ మెకానిక్. పేరు అడిగితే బండమీది రాము అన్నాడు. నేను వీడియో కాల్‌లో చూపించేసరికి బాపు ముఖం వెలిగిపోయింది. "మనోడే గదరా. ఏ ఊరైతేంది, మీకు అన్న అయితడు" అన్నాడు. నీ చేతికి ఫోన్ ఇచ్చి అన్నతో మాట్లాడు బిడ్డా అన్నది బాపే. నేను డ్యూటీలో ఉంటే రాముకు చేసి నా మంచిచెడ్డలు కనుక్కోమన్నదీ బాపే. రాముది వేరే ఇంటిపేరై ఉంటే ఆ ఫోన్ నీ చేతిదాకా వచ్చేదా? ఇంటిపేరు కాపలా ఉంది కదా అని తలుపులు బార్లా తెరిచిపెట్టి, ఇప్పుడు ఆ ఇంటిపేరే పట్టుకుని మొత్తుకుంటున్నాడు.

నా సంగతి నీకు తెలుసు. నిజామాబాద్ బస్టాండు దగ్గర పంచిన కరపత్రాలే నా కాలేజీ. ఇంటిపేరు అంటే ఆస్తికి పొడిచిన పచ్చబొట్టు అని వాటిలో ఒకదాంట్లో చదివి, నా పేరు ముందు నుంచి బండమీదిని పీకి పారేశాను. పాస్‌పోర్టువాళ్లు మళ్లీ అతికించారు. అంత వీరుణ్ణి, నువ్వు అడిగిన ఒక్కమాట చెప్పడానికి ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో రాస్తాను. దానికి ముందు ఒక ఇంగ్లీషువాడి ఇంటిపేరు కథ వినాలి. నీకు విసుగు పుడుతుంది. నాకు పుట్టిన అసహ్యంతో పోలిస్తే అది ఎంత.

మా ఆఫీసులో క్వాలిటీ మేనేజరు థ్రెల్‌విక్ అని ఒకాయన ఉన్నాడు. అరవై దాటింది, నెత్తి మీద నాలుగు తెల్లవెంట్రుకలు. నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ను, అంటే వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి దాచేవాణ్ణి. ఆయన గది గోడకు కట్టడం నక్షాలు ఉండాలి కదా. ఉన్నది బ్రిటన్ మ్యాపు. దాని మీద ఉత్తరాన ఆకుపచ్చ చుక్కలు, దక్షిణాన ఎర్ర చుక్కలు. థ్రెల్‌విక్ అనే ఇంటిపేరువాళ్లు ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ బతికారో, ఎక్కడ చచ్చారో ఆ చుక్కలు చెబుతాయి. ఆ దేశంలో అది చాలా అరుదైన పేరట. ఎవరు గదిలోకి వచ్చినా సిమెంటు గురించి ఒక ముక్క, తన పేరు గురించి వంద ముక్కలు.

ఉత్తర ఇంగ్లండు కొండల్లో ఒక లోయ ఉందట. అందులో వాగు పక్కన ఒక గొర్రెల దొడ్డి. ఆ దొడ్డి పేరు థ్రెల్‌విక్. అక్కడ బతికినవాళ్లకు దొడ్డి పేరే ఇంటిపేరైంది. ఆరువందల ఏళ్ల కింద రాజుగారి పన్ను చిట్టాలో అది మొదటిసారి కనబడుతుందట. దొడ్డి కూలిపోయింది, పేరు నిలిచింది. తరాల తరబడి ఆ లోయ దాటి పోలేదు. కొండల్లో సీసం తవ్వినన్నాళ్లు ఆ గనుల్లో పనిచేశారు. అవి మూతబడ్డాక తూర్పు దిక్కు బొగ్గు గనులకూ, ఓడలు కట్టే రేవులకూ పోయారు. కొందరు కెనడా ఓడ ఎక్కారు. కొందరు యుద్ధంలో పోయారు. ఇప్పుడు మిగిలినవాళ్లందరినీ మా కంపెనీ బస్సు ఒక్కదాంట్లో ఎక్కించవచ్చట. ఉత్తరాదివాళ్లలో ఈయన తర్వాత ఆ పేరు మోసేవాడు లేడట.

ఇది చెబుతూ, బొగ్గు గనికి మూట నెత్తిన పెట్టుకుని నడిచిపోయిన ముత్తాత దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. అక్కా, ఆ గది కిటికీలోంచి చూస్తే క్రేన్ కింద మూటలు కట్టుకుని వలస వచ్చినవాళ్లే కనబడతారు. మనవాళ్లు, బీహారువాళ్లు, బంగ్లావాళ్లు. వాళ్లవైపు ఒక్కసారి తల తిప్పడు. ఇష్తియాక్ అని ఒకాయన ఏళ్ల నుంచి ఈయనకు పాలు లేని చాయ్ తెచ్చి పెడుతున్నాడు. ఆయనను మై ఫ్రెండ్ అంటాడు. ఎందుకంటే పేరు తెలియదు. వందల ఏళ్ల కింద చచ్చిన గొర్రెలకాపరిని ఏ చర్చి వెనుక పూడ్చారో తెలుసు, చాయ్ ఇచ్చేవాడి పేరు తెలియదు. మనవాళ్లు ఈ దేశంలో ఉండటానికి కావలసిన ఇకామా కార్డుల రెన్యువల్ కాగితాలు నా బల్ల మీద ఎండిపోతుంటే, వాటిని పక్కకు జరిపి ఆయన చర్చి రికార్డులు నాతో స్కాన్ చేయించాడు. చేశాను. ఒళ్లు మండుతూనే చేశాను.

పోయిన నెల ఆయన భార్య వచ్చింది. జోన్ అని, సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆఫీసుకు తీసుకొచ్చి అందరికీ పరిచయం చేస్తూ ఆయన గర్వంగా చెప్పాడు, ఈమె పుట్టింటి పేరు కూడా థ్రెల్‌విక్కే అని. వయసులో ఉండగా టెలిఫోన్ పుస్తకంలో ఆ పేరున్న వాళ్లందరికీ ఉత్తరాలు రాశాడట. దక్షిణాది నుంచి ఈమె ఒక్కతే పెద్ద జవాబు రాసిందట. పెళ్లయినా సంతకం మార్చుకునే పని పడలేదని ఇద్దరూ నవ్వారు.

నిజం చెబుతున్నాను. ఆమె నాకు కేకు ముక్క ఇస్తే గొంతు దిగలేదు. అన్నాచెల్లెళ్లు పెళ్లి చేసుకుని, దాన్ని గోడకు మ్యాపు వేసి పెట్టుకున్నారనిపించింది. బస్సులో చెబితే మనవాళ్లంతా ఛీ అన్నారు. గంత పెద్ద దేశంల సార్‌కు ఇంకో పిల్ల దొరకలేదా అని ఒకాయన, పెండ్లిపత్రికల రెండు దిక్కుల ఒక్కటే పేరు, అచ్చేసేటోనికి ఆరాము అని ఇంకొకాయన. బస్సంతా పగలబడి నవ్వింది. రాము మాత్రం నవ్వలేదు. వాళ్ల రివాజు వాళ్లది అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నీ గురించే బాధ అనుకున్నాను.

ఆ బస్సు దిగాక నా మీద నాకే ఏవగింపు వేసింది. బాపుతో పోట్లాడవలసినవాణ్ణి నేను. ఒక ముసలి దంపతుల ఇంటిపేరు వినగానే బాపు కంటే ముందు నా కడుపే తీర్పు చెప్పేసింది. కరపత్రం తలలోకి పోతుంది గాని కడుపులోకి దిగదు కాబోలు. నీకు వెంటనే జవాబు రాయలేకపోయింది ఇందుకే. నమ్మకం లేని మాట నీకు అరువు ఇవ్వదలచుకోలేదు.

మర్నాడు గదిలోకి పోయి నేరుగా అడిగాను. మా దగ్గర ఒకే ఇంటిపేరువాళ్లు తోబుట్టువుల కింద లెక్క, మీకు అట్లా అనిపించలేదా సార్ అని. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. ఆయన కోప్పడలేదు సరికదా, ఇన్నేళ్లకు అడగవలసిన ప్రశ్న అడిగిన మనిషి దొరికాడన్నట్టు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. పెళ్లికి ముందు జోన్ వాళ్ల అమ్మ కూడా ఇదే అడిగిందట. ఎర్ర చుక్కలు చూపించాడు. దక్షిణాన సముద్రం ఒడ్డున కూడా కొన్ని ఊళ్లలో థ్రెల్‌విక్‌లు ఉన్నారు. ఉత్తరాది నుంచి ఒకడు పడవలో దిగి అక్కడ స్థిరపడ్డాడని అందరూ అనుకునేవారట. ఈయన తవ్వగా తవ్వగా తేలిందేమిటంటే, అక్కడ కూడా అదే పేరుతో ఒక దొడ్డి ఉంది. వాగు పక్కన గొర్రెల దొడ్డి ఎక్కడున్నా పాతకాలపు వాళ్లు దాన్ని అట్లాగే పిలిచారట. దొడ్లు రెండు, మనుషులు వేరు. తర్వాత ఎంగిలి పరీక్ష, అంటే ఉమ్ము తీసి చేసే డీఎన్ఏ పరీక్ష చేయించారు. రెండు గుంపుల మధ్య చుక్క రక్తం కలవలేదు.

అక్కా, నా వీపు మీద ఎవరో చరిచినట్టయింది. మనం బండమీదివాళ్లం ఎట్లా అయ్యాం? మన ఊళ్లో వడ్లు ఆరబోసే పరుపుబండ మీద మన తాతల ఇల్లు ఉండేది కాబట్టి. రాము వాళ్ల ఊరు కోరుట్ల అవతల. ఆ ఊళ్లో బండ లేదా? మన జిల్లాలో బండ లేని ఊరు ఏది?

ఇక ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. ఎవణ్ణి చూసి ఏవగించుకున్నానో వాడి పనే చేశాను. మన గల్ఫ్ వాట్సాప్ గుంపుల్లో బండమీదివాళ్లు ఎవరున్నా ఊరు చెప్పమని పెట్టాను. మదీనా హోటల్లో గదులు శుభ్రం చేసే ఒకాయన, ఇక్కడే రియాద్‌లో ఒక డ్రైవరు, ఇంకా ఎవరెవరో ఫోన్ చేశారు. ప్రతివాడూ మొదట అన్నా అనో తమ్మీ అనో పిలిచాకే ఊరు చెప్పాడు. గోదావరికి ఈ ఒడ్డున, ఆ ఒడ్డున, వేరు వేరు ఊళ్లు. బండ ఉందా అని అడిగితే ప్రతివాడికీ ఉంది. ఇల్లు దాని మీదే ఉండేదని ప్రతివాడి తాతా చెప్పాడు. ఈ సంగతి ఎట్లా పసిగట్టాడో థ్రెల్‌విక్ సార్ మన జిల్లాల మ్యాపు పెద్ద కాగితం మీద అచ్చు తీసుకొచ్చి, పసుపు చుక్కల పొట్లం నా చేతిలో పెట్టాడు. ఇద్దరం కలిసి అతికించాం. వాళ్ల దేశంలో ఇంటిపేర్ల సంఘం పత్రికకు మన బండల గురించి రాస్తాడట, పెళ్లి తేదీ తెలిస్తే అది కూడా చేరుస్తాడట. మన కష్టం ఆయనకు ఒక పసుపు చుక్క. అయినా ఆ పొట్లం విసిరికొట్టకుండా తీసుకున్నాను, నీ కోసం.

మ్యాపు చూసి బాపు మారడని నాకు తెలుసు. మన పాలివాళ్లలో, అంటే దాయాదుల్లో, పెద్ద ఎవరు? తబూక్‌లో తోటల్లో పనిచేసే బాలన్న పెద్దబాపు. ఆయన కాదంటే బాపు చచ్చినా అవుననడు. మొదట ఆయనకే ఫోన్ చేశాను. ఇంగ్లీషువాడి దొడ్ల కథ చెబితే ఊఁ అని ఆవులించాడు. ఎంగిలి పరీక్ష అంటే అసహ్యించుకున్నాడు. నాకు కోపం వచ్చి, మీ పాలి చచ్చిన పీనుగుల మైల లెక్కకే తప్ప దేనికీ పనికిరాదు అని అరిచాను. ఏమన్నవురా మల్లొకసారి అను అన్నాడాయన. తిడతాడనుకున్నాను. బాపును లైన్‌లో కలపమన్నాడు.

ఇది మొన్న బుధవారం. ముగ్గురం లైన్‌లో ఉన్నాం. పెద్దబాపు మ్యాపు ఊసే ఎత్తలేదు.

"రాజలింగం, ఆ రాము వాళ్లింట్ల ఎవలన్న సచ్చిపోతె మనం ఎన్నడన్న మైల పట్టినమా?" అని అడిగాడు.

బాపు లేదన్నాడు.

"మీ నాయిన పోయిననాడు వాళ్ల ఊరికెల్లి ఒక్కడన్న వచ్చి తల గీయించుకున్నడా?"

"రాలే. వాళ్లున్నట్టే మనకెరుకలే."

"సావుకు పాలోళ్లు కానోళ్లు పెండ్లికి పాలోళ్లెట్లయిన్రు?"

బాపు దగ్గాడు. నేను నోరు తెరవబోతే పెద్దబాపు ఉష్ అన్నాడు. చివరికి బాపు మెల్లగా అన్నాడు, "అయితే నాకేం అడ్డం లేదు. రామును పెద్దమనుషులను తోలియ్యమను."

అదీ అక్కా, నువ్వు అడిగిన ఒక్కమాట. బాపు నోటి నుంచే వచ్చింది. కన్నతల్లి కదా, అవ్వ వెనుక నుంచి ఏడుస్తున్నట్టు వినిపించింది. నీకు ఇంకా చెప్పవద్దు, పెద్దమనుషులు వచ్చాకే చెబుదామని బాపు అన్నాడట. నేను చెబుతున్నాను. నిన్ను కూర్చోబెట్టి నీ గురించి నీకు చివరన చెప్పే ఆ పద్ధతంటే కూడా నాకు రోతే.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. బాపు ఇచ్చిన మాట నీకు ఇచ్చింది. ఇంకెవరి కోసమో ఇచ్చింది కాదు. ఏం జరిగినా దాన్ని తిరిగి ఇచ్చేయకు. ఇంటిపేరు చూసి నీకు అన్న ఎవరో, మొగుడు ఎవరో చెప్పే హక్కు ఇక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. బడి మాత్రం మానకు. నీ జీతం నీ చేతికే తీసుకో.

అవ్వ బాపులకు నా దండాలు చెప్పు. ఉత్తరం చదివాక వాళ్లకు చూపిస్తావో, చింపుతావో నీ ఇష్టం.

ఇట్లు,
నీ తమ్ముడు
ఉదయకిరణ్
(ఇంటిపేరు లేదు)

తా.క.: సంతకం పెట్టి కూడా కవరు అంటించలేకపోయాను. అసలు మాట పైన ఎక్కడా రాయలేదు, అక్కా.

రాము రెండు రోజులు వేరే సైటులో ఉండి ఈ పొద్దున వచ్చాడు. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఉరికిపోయి, బాపు ఒప్పుకున్నాడని చెప్పాను. నన్ను ఎత్తుకుని తిప్పుతాడనుకున్నాను. తడి ప్యాంటు పిండుతూనే ఉన్నాడు. వాళ్ల ఇంట్లో దసరాకే ఇంకో సంబంధం ఖాయం చేశారట. పిల్లను వీడియోలో చూసి తనే సరే అన్నాడట. డిసెంబరులో సెలవు పెట్టింది దానికే. మరి అక్కతో ఈ మాటలన్నీ ఎందుకు నడిపావని అడిగాను. ఎట్లాగూ బాపు ఒప్పుకోడు, నీకే మెల్లగా అర్థమవుతుంది, తప్పు ఇంటిపేరు మీదికి పోతుంది గాని తన మీదికి రాదు అనుకున్నాడట. ఏమీ దాచకుండా, ఏసీ ఎందుకు చెడిపోయిందో చెప్పినంత తాపీగా చెప్పాడు. ఆఖరుకు నా వైపు తిరిగి, "మీ బాపు ఒప్పుకుంటడని ఎవలనుకున్నరు తమ్మీ?" అన్నాడు.

కొట్టలేదు. చెయ్యి పెట్టి ముట్టుకోబుద్ధి కాలేదు. మంచం వేరే గదికి మార్పించుకున్నాను. ఫోన్‌లో ఇది నీకు చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఈ కాగితాలు.

బాపుకు ఇంకా తెలియదు. పెద్దమనుషులు వస్తారని పక్కింటి కుర్చీలు అడిగి పెట్టాడని, మంచి చాయపత్తి తెప్పించాడని అవ్వ నిన్న చెప్పింది. నువ్వే మెల్లగా చెప్పాలి. ఎవరూ రారు, అక్కా.